మన ఇంటి కప్పు మీద పుట్టే కరెంటు ఎవరిది?

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. ముఖ్యంగా ఊళ్ళో శ్లాబ్ ఇల్లు ఉన్నవాళ్ళు, సోలార్ కాగితం పట్టుకుని ఎవరైనా వచ్చి అమ్మానాన్నల చేత సంతకం అడుగుతున్నవాళ్ళు చివరిదాకా చదవండి.

సంక్రాంతికి ఇంటికెళ్ళాను. మాది పాడేరు అవతల గూడెం. అన్నం తింటుంటే నాన్న ట్రంకు పెట్టెలోంచి మూడు కాగితాలు తీసి నా ముందు పెట్టాడు. పది రోజుల క్రితం ఎవరో బండి మీద వచ్చాడట. ఇంటి మీద సోలార్ పెడతాం, పైసా కట్టక్కర్లేదు, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడట. ఏ ఆఫీసు నుంచి వచ్చాడో చెప్పలేదు, నాన్న అడగలేదు. "ఫ్రీయే కదా, నీ జేబులోంచి ఏం పోద్ది?" అన్నాడట. నాన్న వయసు యాభై దాటింది. వచ్చినోడికి ముప్పై కూడా ఉండవట. అతను 'నువ్వు' అంటాడు, నాన్న 'బాబూ' అంటాడు. ఇది మనకి కొత్తేం కాదులెండి.

నాన్న మాత్రం సంతకం పెట్టలేదు. "మా ఓడు పండక్కొత్తాడు బాబూ, సదివి సెప్తాడు" అని కాగితాలు ఉంచేసుకున్నాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. బీకాం రెండో ఏడాది. నేను చదివి చెప్తానని నాన్నకి అంత నమ్మకం. నాకేమో ఆ ఇంగ్లీషు చూసి చెమటలు పట్టాయి. మూడు పేజీలు, సన్న అక్షరాలు. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో లైను చదివాను. కప్పు మీద 25 ఏళ్ళ పాటు వాడుకునే హక్కు ఇవ్వాలని ఉంది. ఆ కప్పు మీద ఇంకో అంతస్తు వేయాలంటే ముందు అనుమతి తీసుకోవాలని ఉంది. మా అన్నకి పెళ్ళి కుదిరితే పైన ఒక గది వేద్దామని అమ్మ ఎప్పటినుంచో అనుకుంటోంది, అందుకే ఆ లైను దగ్గర ఆగిపోయాను. ఇక మన కప్పు మీద పుట్టి, మనం వాడుకోగా మిగిలి, లైన్లోకి వెళ్ళిపోయే కరెంటు గురించి మూడు పేజీల్లో ఒక్క చోటే ఉంది. దాని పక్కన 'వర్తించే నిబంధనల ప్రకారం' అని నాలుగు ముక్కలు. అంతే. ఎంత ఇస్తారు, ఎవరికి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, అసలు ఇస్తారా లేదా, ఏమీ లేదు.

ఆ నాలుగు ముక్కల గురించే ఈ పోస్టు. హాస్టల్‌కి తిరిగొచ్చాక నెల రోజులు దీని మీదే పడ్డాను. సీనియర్లు నవ్వారు, పరీక్షలకి కూడా ఇంత చదవవు కదరా అని.

ముందు అసలు సంగతి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం సూర్య ఘర్ అనే పథకం మొదలుపెట్టింది. కోటి ఇళ్ళ మీద సోలార్ పెట్టాలని లక్ష్యం. ఇంటి మీద 2 కిలోవాట్లు పెట్టుకుంటే 60 వేలు, 3 కిలోవాట్లు పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ. మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంకో అడుగు వేసి, ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు 2 కిలోవాట్లు ఉచితంగా పెడతామంది. బీసీలకు కేంద్రం ఇచ్చేదాని మీద ఇంకో 20 వేలు కలుపుతామంది. మంచి విషయమే. నేను దీనికి వ్యతిరేకిని కాదు, ముందే చెప్తున్నా. మన ఇళ్ళ మీద ప్యానెళ్ళు రావాలి. కానీ వచ్చాక లెక్క ఎలా నడుస్తుందో మనకి తెలియాలి.

2 కిలోవాట్ల ప్యానెళ్ళు ఎండ బాగుంటే రోజుకి సుమారు 8 యూనిట్లు తీస్తాయి. నెలకి 240. ఇప్పుడు మీ ఇంటి బిల్లు తీసి చూడండి. మా ఇంట్లో మూడు బల్బులు, రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, ఫోను చార్జింగులు. చలికాలం ఫ్యాన్ కూడా వేయం. నెలకి 45 యూనిట్లు. అంటే 195 యూనిట్లు మిగులు. వానాకాలం మన కొండల మీద మబ్బు, మంచు ఉంటాయి కాబట్టి తగ్గించి లెక్కేసుకున్నా ఏడాదికి 2,000 యూనిట్లు తక్కువ కాకుండా మన కప్పు మీంచి లైన్లోకి పోతాయి. మనం తినే దానికంటే పండించేది ఎక్కువ. పైగా పగలంతా మనం పోడులోనో, కాఫీ తోటలోనో, సంతలోనో ఉంటాం. ఇంట్లో లైటు వేసేది చీకటి పడ్డాకే. కాబట్టి పగలు పుట్టింది దాదాపు మొత్తం బయటికి పోతుంది, రాత్రికి మళ్ళీ లైన్లోంచి తీసుకుంటాం. ఇందుకోసం రెండు వైపులా తిరిగే మీటర్ పెడతారు. ఎంత లోపలికి వచ్చింది, ఎంత బయటికి పోయింది, రెండూ చూపిస్తుంది.

ఇక్కడే మూడు రకాల లెక్కలున్నాయి. నేను అమ్మకి ఎలా చెప్పానో మీకూ అలాగే చెప్తాను.

మొదటిది చేబదులు లెక్క. పక్కింటి పిన్ని వచ్చి తవ్వెడు బియ్యం పట్టుకెళ్తుంది, రేపు తవ్వెడు బియ్యం తెచ్చిస్తుంది. మధ్యలో రేటు మాట లేదు. కరెంటులో దీన్ని నెట్ మీటరింగ్ అంటారు. పగలు 8 యూనిట్లు ఇచ్చావు, రాత్రి 2 వాడుకున్నావు, 6 నీ ఖాతాలో మిగిలాయి.

రెండోది సంత లెక్క. నీ బియ్యం సంతలో అమ్మితే షావుకారు చెప్పిన రేటు. నీకు కావాల్సినప్పుడు కొట్లో కొంటే కొట్టు రేటు. రెండూ ఒకటి కావు, ఏది తక్కువో మీకు తెలుసు. దీన్ని నెట్ బిల్లింగ్ అంటారు. మూడోది గ్రాస్ మీటరింగ్. పండిందంతా ఒక రేటుకి అప్పజెప్పడం, తినేదంతా ఇంకో రేటుకి కొనుక్కోవడం. కాఫీ పండించి, టీపొడి కొనుక్కున్నట్టు.

నెట్ మీటరింగ్‌లో కూడా మిగులు యూనిట్లు అలా ఊరికే పోగు పడవు. కొన్నాళ్ళకి ఒకసారి లెక్క తేలుస్తారు. అప్పుడు మిగిలినవాటికి ఒక రేటు కట్టి డబ్బు ఇవ్వాలి. ఆ రేటు మనం బిల్లులో కట్టే రేటు కాదు. చాలా రాష్ట్రాల్లో డిస్కమ్‌లు సగటున ఎంతకి కరెంటు కొంటున్నాయో, అలాంటి ఏదో ఒక లెక్క మీద కడతారు. ఎంత అన్నది తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. మన కాగితంలో 'వర్తించే నిబంధనలు' అంటే అవే అన్నమాట.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం చెప్తాను. నేను ఆదివారాలు వైజాగ్‌లో ఒక ఇంట్లో పిల్లలకి లెక్కలు చెప్తాను, నెల ఖర్చులకి. ఆ ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. ఆ సారు మంచివారే, ఫోన్లో యాప్ తీసి చూపించారు. ముందు నెలకి 500 యూనిట్లు వాడేవారు, రెండు ఏసీలు. సోలార్ నెలకి 360 దాకా ఇస్తోంది. ఇప్పుడు బిల్లు 140 యూనిట్లకే.

మన రాష్ట్రంలో ఇంటి కరెంటు శ్లాబుల లెక్క ఇదీ: మొదటి 30 యూనిట్లకు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నోట్సు వెనక పేజీలో వేశాను. మిగతా చార్జీలు వదిలేస్తే 500 యూనిట్లకు 3,523 రూపాయలు. 140 యూనిట్లకు 507. అంటే ఆ సారుకి నెలకి 3,016 రూపాయలు మిగులుతోంది. ఆయన కప్పు మీద పుట్టిన ఒక్కో యూనిట్ విలువ 8 రూపాయల పైన.

మా ఇంటికి అదే లెక్క వేశాను. 45 యూనిట్లకు 102 రూపాయలు. అది కూడా మేం కట్టడం లేదు. ఎస్టీ ఇళ్ళకి జగ్జీవన్ జ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితమే కదా. కాబట్టి మా కప్పు మీద సోలార్ పెడితే మా బిల్లులో తగ్గేది సున్నా. ముందూ సున్నానే, తర్వాతా సున్నానే! తగ్గేది ప్రభుత్వం మన తరఫున డిస్కమ్‌కి కట్టే సబ్సిడీ. తెలంగాణలో ఉన్న మన అన్నదమ్ములకీ ఇదే వర్తిస్తుంది, అక్కడ 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితం.

చూశారా, ఒకే సూర్యుడు, ఒకే రకం ప్యానెల్. ఏసీ ఉన్న ఇంటి మీద పడితే యూనిట్‌కి 8 రూపాయలు, మన ఇంటి మీద పడితే సున్నా. అందుకే 'బిల్లు జీరో అవుతుంది' అన్న ప్రచారం మనకి పనికొచ్చే మాట కాదు. అది బిల్లు కట్టేవాళ్ళకి చెప్పే మాట. మనకి ఈ పథకంలో నిజంగా ఏదైనా వస్తే ఆ మిగులు 2,000 యూనిట్లకే రావాలి. అది తప్ప మనకి వేరే లాభం లేదు. ఆ ఒక్కదాని గురించే కాగితంలో నాలుగు ముక్కలతో సరిపెట్టేశారు.

ఎంత వస్తుందో ఒక అంచనా వేద్దాం. 2021లో మన రాష్ట్రం సెకీతో పెద్ద సోలార్ ఒప్పందం చేసుకుంది, 7,000 మెగావాట్లు, యూనిట్ 2 రూపాయల 49 పైసలు. మన మిగులుకి అంతే కట్టినా 2,000 యూనిట్లకు ఏడాదికి దాదాపు 5,000 రూపాయలు. ప్యానెళ్ళు 25 ఏళ్ళు పనిచేస్తాయంటారు కాబట్టి లక్షా పాతిక వేలు. ఏడాదికి 5 వేలు అంటే కొందరికి తక్కువగా కనిపించొచ్చు. మా ఇంట్లో అది నా ఏడాది పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఇంటికి వచ్చిపోయే బస్సు చార్జీలు. నేను డిగ్రీలో చేరిన ఏడాది అమ్మ మిరియాలు ముందే బేరం పెట్టి తెచ్చింది దాదాపు అంతే.

ఇక్కడ కొంతమంది అన్నలతో నాకు తేడా ఉంది. సోషల్ మీడియాలో 'నెట్ మీటరింగ్‌ని కాపాడండి' అని పోస్టులు తిరుగుతుంటాయి. మనోళ్ళు కూడా షేర్ చేస్తున్నారు. నేను దాన్ని అలా షేర్ చేయలేను. నెట్ మీటరింగ్ అంటే యూనిట్‌కి యూనిట్. 9.75 శ్లాబులో ఉన్నవాళ్ళకి ఒక యూనిట్ చేబదులు అంటే 9.75 చేతికి వచ్చినట్టు. 1.90 శ్లాబులో ఉన్న మనకి 1.90. చేబదులు వినడానికి సమానంగా ఉంటుంది, కానీ ఎక్కువ తినేవాడికే ఎక్కువ లాభం. మనకి మాత్రం సంత లెక్కే నయం కావచ్చు. మిగులు మొత్తానికి, అందరికీ ఒకే రేటు, డబ్బు రూపంలో. 2.49 అయినా అది మన 1.90 కంటే ఎక్కువే కదా! సంత రేటే మనకి నయం అని నేను రాస్తానని కలలో కూడా అనుకోలేదు.

డిస్కమ్‌ల వాదన కూడా వినాలి. పగలు ఎండలో అందరి కప్పుల మీదా కరెంటు పుడుతుంది, అప్పుడు కావాల్సినదానికంటే ఎక్కువ ఉంటుంది. సాయంత్రం ఆరు తర్వాత అందరూ స్విచ్ వేస్తారు, అప్పుడు ఎండ ఉండదు, ఖరీదైన కరెంటు కొనాలి. స్తంభాలు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు అన్నింటికీ ఖర్చుంది. సోలార్ పెట్టిన పెద్ద ఇళ్ళు బిల్లు కట్టడం మానేస్తే ఆ ఖర్చు మిగతావాళ్ళ మీద పడుతుంది. అద్దె ఇంట్లో ఉండేవాడికి కప్పే లేదు, వాడెక్కడ పెట్టుకుంటాడు? ఇది అబద్ధం కాదు. అమెరికాలో కాలిఫోర్నియాలో ఇదే గొడవ ఏళ్ళ తరబడి నడిచి, 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టుకునేవాళ్ళకి బయటికి పంపే కరెంటు రేటు సుమారు 75 శాతం తగ్గించేశారు. కాబట్టి 9 రూపాయలు ఇమ్మని నేను అడగట్లేదు. కానీ తగ్గించడానికి ఒక హద్దు ఉండాలి కదా. పెద్ద కంపెనీకి యూనిట్‌కి రెండున్నర ఇవ్వగలిగినప్పుడు, మా నాన్న కప్పు మీద పుట్టినదానికి సున్నా ఎలా ఇస్తారు? ప్యానెల్ ఉచితంగా ఇచ్చాం కదా అంటారు. సరే, ప్యానెల్ మీది. కప్పు ఎవరిది? దాన్ని 25 ఏళ్ళు కాపలా కాసేది, కోతులు ఎక్కకుండా చూసేది, దుమ్ము తుడిచేది ఎవరు? మా అమ్మే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కంపెనీ గానీ డిస్కమ్ గానీ పెట్టుబడి పెట్టి ఇంటి మీద సోలార్ పెట్టే పద్ధతులకి కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో కనీసం 5 ఏళ్ళ ప్రాజెక్టు కాలం, ఆ తర్వాత అది ఇంటివాళ్ళ పేరు మీదకి మారాలని ఉంది. మా నాన్నకి ఇచ్చిన కాగితంలో 25 ఏళ్ళని ఉంది. అందుకే అది అసలు ప్రభుత్వ పథకం కాగితమేనా, మధ్యలో ఎవరైనా అచ్చు వేయించారా అని నాకు అనుమానం. మీ ఇళ్ళకి వచ్చిన కాగితాల్లో ఎన్నేళ్ళని ఉందో చూడండి.

ఇంకోటి. మనది షెడ్యూల్డ్ ఏరియా. 1/70 చట్టం మనకి చిన్నప్పటినుంచి తెలుసు. గిరిజనుడి స్థిరాస్తి గిరిజనేతరుడికి బదిలీ అవకూడదు. ఆ చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు, కౌలు, తాకట్టు కూడా. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా మన భూమిని లీజు పేరుతో బయటివాళ్ళ చేతికి ఇవ్వడం గురించే, అక్కడ గనులు, ఇక్కడ కప్పులు. మరి ఒక ప్రైవేటు కంపెనీ 25 ఏళ్ళు మన కప్పు వాడుకునే హక్కు రాయించుకుంటే అది దేని కిందకి వస్తుంది? నేను లా స్టూడెంట్‌ని కాదు. గ్రూపులో ఎల్‌ఎల్‌బీ చదివే అక్కలు, అన్నలు ఉన్నారు, దీని మీద వివరంగా రాయండి. పీసా చట్టం ప్రకారం గ్రామసభ ముందు పెట్టకుండా ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకోవడం ఏమిటని కూడా అడగాలి.

ఆ కాగితాలు చదువుతున్నప్పుడు తాత గుర్తొచ్చాడు. ఆయన చిన్నప్పుడు మాచ్‌ఖండ్ దగ్గర కూలికి వెళ్ళినవాళ్ళ కథలు చెప్పేవాడు. 1955లో అక్కడ కరెంటు పుట్టింది. ఆ తర్వాత సీలేరు, దిగువ సీలేరు. దిగువ సీలేరు ఒక్కటే 460 మెగావాట్లు. నీళ్ళు మన కొండలవి, మునిగిన ఊళ్ళు మనవి. తీగలు మన నెత్తి మీంచే మైదానానికి వెళ్ళాయి, మన గూడేలకి దీపం రావడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. అప్పుడు ఆ కరెంటుకి రేటెంత, అందులో ఆ ఊళ్ళవాళ్ళకి ఏం రావాలి అని అడిగినవాళ్ళు లేరు. చదువుకున్నవాళ్ళు లేక అడగలేదు. ఇప్పుడు గూడేనికొక డిగ్రీ స్టూడెంట్ అయినా ఉన్నాడు కదా.

ఇక మనోళ్ళకి ఎవరూ చెప్పని చిన్న విషయం. ఇంటి మీద సోలార్ ఉంటే కరెంటు పోయినా లైట్లు వెలుగుతాయని అందరూ అనుకుంటున్నారు. నేనూ అనుకున్నాను. కాదు. లైనుకి కలిపిన సోలార్, బ్యాటరీ లేకపోతే, లైన్లో కరెంటు పోగానే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మేన్‌కి షాక్ కొట్టకూడదని అలా పెట్టారు. అది న్యాయమే. కానీ మన ఏజెన్సీలో గాలివాన వస్తే రోజుల తరబడి లైను ఉండదు. హుద్‌హుద్ అప్పుడు ఎలా ఉందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. లైను లేని ప్రతి పగలూ మన ప్యానెల్ ఖాళీగా కూర్చుంటుంది. ఇంట్లో దీపం ఉండదు, బయటికి యూనిట్ పోదు. వైజాగ్ సారు ఇంటికి ఈ నష్టం దాదాపు లేదు. మనకి ఉంది. కాబట్టి లైను పోయిన గంటలకి కూడా ఏదో ఒక లెక్క ఉండాలని నా అభిప్రాయం. నవ్వకండి, పొలానికి బీమా లేదా?

అసలు లైనే లేని గూడేల సంగతి వేరు. అక్కడ పీఎం జన్‌మన్ కింద పీవీటీజీ ఇళ్ళకి బ్యాటరీతో విడిగా సోలార్ ఇస్తున్నారు, అక్కడ మిగులు అమ్మే ప్రశ్నే రాదు. అలాగే పెంకుటిళ్ళు, రేకుల ఇళ్ళు. శ్లాబ్ లేనివాళ్ళ కప్పు మీద వీళ్ళు ప్యానెల్ పెడతారా? మా గూడెంలో ఎక్కువ రేకుల ఇళ్ళే. అంటే మనలో కాస్త నిలదొక్కుకున్నవాళ్ళకే ఇది అందుతుంది. దీనికి నాకు తోచింది ఒకటుంది. మన ఆశ్రమ పాఠశాలలకి, హాస్టళ్ళకి పెద్ద పెద్ద శ్లాబులు ఉన్నాయి. ఎండాకాలం సెలవుల్లో బడి ఖాళీ, ఎండ మాత్రం మండిపోతుంది. అక్కడ ప్యానెళ్ళు పెట్టి, పుట్టిన యూనిట్లని ఊళ్ళో కప్పు లేని ఇళ్ళ మీటర్లకి పంచి రాయొచ్చు. ఇది నా కల కాదు, ఢిల్లీలో 2019 నుంచే ఇలాంటి పద్ధతికి మార్గదర్శకాలు ఉన్నాయి, వర్చువల్ నెట్ మీటరింగ్ అంటారు. ఒక చోట పుట్టిన కరెంటు లెక్కని నాలుగు మీటర్లకి పంచడం.

పని దగ్గరికి వద్దాం. మా మీటర్ ఇప్పటికీ తాత పేరు మీదే ఉంది. తాత పోయి ఆరేళ్ళు. రేపు మిగులుకి డబ్బు వేస్తామంటే ఎవరి ఖాతాలో వేస్తారు? పోయిన తాత ఖాతాలోనా? పండక్కి వెళ్ళినప్పుడే సచివాలయంలో పేరు మార్పిడికి అర్జీ పెట్టించాను. మరణ ధ్రువపత్రం, వారసుల కాగితం అడిగారు, నాన్న రెండు సంతలు పోగొట్టుకుని తిరిగాడు. మీలో చాలామంది ఇళ్ళలో ఇదే పరిస్థితి అని నాకు తెలుసు. సోలార్ వచ్చినా రాకపోయినా ఈ పని ముందు చేయించండి. ఇంకో మాట, 10 కిలోవాట్ల లోపు సోలార్‌కి సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లోనే కేంద్రం నిబంధన మార్చింది. పరిశీలనకి ఖర్చవుతుందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

రేట్లు తేల్చే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ఏటా ప్రజాభిప్రాయం తీసుకుంటుంది. ఎవరైనా అభ్యంతరం రాసి పంపొచ్చు, వెళ్ళి మాట్లాడొచ్చు. పరిశ్రమలవాళ్ళు లాయర్లని పెట్టుకుని వెళ్తారు, రైతు సంఘాలు వెళ్తాయి. మన తరఫున ఎవరైనా వెళ్ళారా అని సీనియర్లని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. ఈసారి మనం రాద్దాం. ఎస్టీ ఇళ్ళ మీద పెట్టే సోలార్ మిగులుకి రేటు ఎంతో కాగితం మీద, తెలుగులో, సంతకానికి ముందే చెప్పాలి. ఆ డబ్బు ఏ నెలలో పడుతుందో చెప్పాలి. ఉచితంగా ఇచ్చాం కాబట్టి మిగులు మాదే అంటే, అదీ దాచకుండా రాయాలి. అప్పుడు ఒప్పుకోవాలా వద్దా అన్నది గ్రామసభ చూసుకుంటుంది.

నేను ఒక అర్జీ ముసాయిదా రాస్తున్నాను. దానికి నాకు మీ ఇళ్ళ బిల్లులు కావాలి. సర్వీసు నంబరు, పేరు కొట్టేసి, యూనిట్లు మాత్రం కనిపించేలా ఫోటో పెట్టండి. ఏ మండలమో రాయండి చాలు. పది గూడేల బిల్లులైనా ఉంటే, మన ఇళ్ళు సగటున ఎన్ని యూనిట్లు వాడతాయో, ఎన్ని మిగులుతాయో మన లెక్క మనమే చూపించొచ్చు. సోలార్ కాగితం మీ ఇంటికి వచ్చి ఉంటే దాని ఫోటో కూడా పెట్టండి, చదవడం నేనొక్కణ్ణే కాదు, నలుగురం కలిసి చదువుదాం. శనివారం రాత్రి మెస్ అయ్యాక తొమ్మిదింటికి గ్రూప్ కాల్ పెడతాను.

నాన్న నిన్న ఫోన్ చేశాడు. ఆ బండి అతను మళ్ళీ వచ్చాడట, సంతకం అయిందా అని. "ఎక్కువైన కరెంటుకి రేటెంత బాబూ?" అని నాన్న అడిగాడట. అతను కనుక్కుని చెప్తానని వెళ్ళాడు. కాగితాలు ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి.